ఇబ్న్ ఫిర్నాస్ మరచిన తోక

కిందటి వార్షికోత్సవం నాడు మన సంఘం పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టిన సంగతి సభ్యులందరికీ విదితమే. ఆ పోటీలో తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు లేచి, "విమానం కనిపెట్టింది రైట్ సోదరులు కాదు. వాళ్ళకంటే వెయ్యేళ్ళు ముందే మన అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ కనిపెట్టాడు" అని ఘంటాపథంగా చెప్పాడు. షామియానా అదిరేటట్టు చప్పట్లు పడ్డాయి. మేమూ కొట్టాము. చప్పట్లు సద్దుమణిగాక ముందు వరుసలో కూర్చున్న ఆ అబ్బాయి చెల్లెలు, నాలుగో తరగతి పిల్ల, "మరి ఆయన కింద ఎందుకు పడ్డాడు భాయ్‌జాన్?" అని అడిగింది. అందరూ నవ్వారు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. వేదిక మీద ఇద్దరు ఇంజనీర్లున్నారు, ఒక సైన్సు మాస్టారున్నారు, మేమూ ఉన్నాము. అబ్బాయికి బహుమతి ఇచ్చి పంపించాము గానీ, ఆ చిన్నదాని ప్రశ్న ఇంటిదాకా మా వెంట వచ్చింది. ఈ ఏటి సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ఆ బాకీ తీర్చుకుందామని కూర్చున్నాము.

ముందు ఆ మనిషి సంగతి చెప్పుకోవాలి. అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ 9వ శతాబ్దంలో స్పెయిన్ దేశంలో, అప్పటి అందలూస్‌లో, కుర్తుబా నగరంలో జీవించాడు. ఇప్పుడు పటాల్లో కార్డోవా అని రాస్తారే, అదే కుర్తుబా. ఆయన వంశం ఉత్తర ఆఫ్రికాకు చెందిన బర్బర్ జాతి. వరుసగా ముగ్గురు అమీర్ల కాలం చూసి 887లో మరణించాడు. కవి, సంగీతం తెలిసినవాడు, ఖగోళ శాస్త్రంలో ఆరితేరినవాడు. స్ఫటిక శిలను కోసే విధానం కనిపెట్టాడు. నీటి గడియారం చేశాడు. తన ఇంట్లో ఒక గదిని ఆకాశంలాగా అమర్చి, వచ్చినవాళ్ళకు నక్షత్రాలు, మబ్బులు, మెరుపులు చూపించేవాడని చరిత్రకారులు రాశారు. ఇంత చేసినవాణ్ణి ఎగిరి పడ్డవాడిగా మాత్రమే మనం గుర్తు పెట్టుకోవడం ఆయనకు అన్యాయమే.

ఇక ఎగిరిన ఉదంతం. దీన్ని అందరూ ఎత్తి చెప్పేది అల్ మక్కరీ అనే చరిత్రకారుడి గ్రంథం నుంచి. ఒళ్ళంతా ఈకలు కప్పుకుని, రెక్కలు కట్టుకుని, ఎత్తైన చోటు నుంచి గాలిలోకి దూకాడనీ, చాలా దూరం ఎగిరాడనీ, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాడనీ, దిగేటప్పుడు మాత్రం నడుముకు దెబ్బ తగిలిందనీ అందులో ఉంది. కారణం కూడా ఆ చరిత్రకారుడే చెప్పాడు. పక్షులు దిగేటప్పుడు తోక ఆసరా చేసుకుంటాయనే సంగతి ఇతడు గమనించలేదట, తోక పెట్టుకోవడం మరిచాడట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. అల్ మక్కరీ 17వ శతాబ్దంవాడు. అంటే సంఘటన జరిగి ఏడు వందల ఏళ్ళు దాటాక రాశాడు. ఆయన తనకు ముందున్న గ్రంథాల నుంచి ఏర్చి కూర్చినవాడు కాబట్టి గాలి కబురని కొట్టిపారెయ్యలేము. పైగా ఇబ్న్ ఫిర్నాస్ కాలంలోనే ఉన్న ముమిన్ ఇబ్న్ సయీద్ అనే ఆస్థానకవి, ఈయనంటే గిట్టనివాడు, ఎగిరిన సంగతిని ఎగతాళి చేస్తూ పద్యం చెప్పాడు. మా దృష్టిలో ఇదే పెద్ద సాక్ష్యం. మెచ్చుకునేవాడు లేనిది కల్పిస్తాడేమో గానీ, గిట్టనివాడు లేని ఘనతను ఎందుకు అంటగడతాడు? కనుక ఆయన ఎగిరే ప్రయత్నం చేశాడు, కొంత దూరం గాలిలో తేలాడు, దెబ్బ తగిలించుకున్నాడు. ఇంతవరకు నమ్మవచ్చునని మా అభిప్రాయం. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాడన్నది మాత్రం మాకు మింగుడుపడడం లేదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఆయన ఒక్కడే కాదు. అరబీ నిఘంటువు 'సిహాహ్' రాసిన మహా పండితుడు అల్ జౌహరీ, 1000 ప్రాంతంలో నిషాపూర్‌లో తలుపు రెక్కలు రెండు కట్టుకుని మసీదు కప్పు మీంచి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నాడని చెబుతారు. 11వ శతాబ్దపు ఆరంభంలో ఇంగ్లండులో మామ్స్‌బరీ మఠానికి చెందిన ఐల్మర్ అనే సన్యాసి గోపురం మీంచి దూకి, సుమారు 200 మీటర్లు తేలి, రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. ఆ తరువాత ఆయన అన్నమాట వింటే ఆశ్చర్యం వేస్తుంది: తోక పెట్టుకోకపోవడమే నా తప్పు అన్నాడట! కుర్తుబాలోనూ తోకే, ఇంగ్లండులోనూ తోకే. ఒకరి మాట ఒకరికి చేరిందో, లేక పడ్డవాళ్ళందరికీ తట్టేది అదేనో మరి.

ఇంతకూ తోక చేసే పనేమిటి? అది తెలియాలంటే రెక్క చేసే పని ముందు తెలియాలి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయటపెట్టని పిల్లలుండరు. పెట్టకూడదు సుమా, కండక్టరు తిడతాడు. అరచేతిని నేలకు సమానంగా చాపితే గాలి చేతికి అటూ ఇటూ జారిపోతుంది. ముందు అంచును కాస్త పైకెత్తి వాల్చండి, చెయ్యి దానంతటదే పైకి లేస్తుంది. రెక్క రహస్యమంతా ఇంతే. వాలుగా ఉన్న రెక్క తన మీదుగా పోయే గాలిని కిందికి మళ్ళిస్తుంది. గాలిని కిందికి తోసినందుకు గాలి రెక్కను పైకి తోస్తుంది. రెక్క పైభాగాన గాలి ఒత్తిడి తగ్గి, కింద ఎక్కువగా ఉండడం కూడా ఇందులో భాగమే, రెండూ ఒకే సంగతికి రెండు ముఖాలు. మా చిన్ననాటి పాఠాల్లో, రెక్క పైవైపు దూరం ఎక్కువ కాబట్టి పైన పోయే గాలి తొందరపడి, కిందినుంచి వచ్చే గాలిని అవతలి అంచు దగ్గర కలుసుకుంటుందని రాసి ఉండేది. అది తప్పు. ఆ రెండు గాలులూ కలుసుకోవాలన్న నియమమేమీ లేదు. నిజానికి పైగాలి ముందే వెళ్ళిపోతుంది. ఆ పాఠమే నిజమైతే విమానం తలకిందులుగా ఎగరలేదు. ఎగురుతుంది గదా!

పైకెత్తే ఈ బలం వేగాన్ని బట్టి మారుతుంది. వేగం రెట్టింపయితే బలం నాలుగింతలవుతుంది. వాలు పెంచినా బలం పెరుగుతుంది, కానీ దానికొక హద్దుంది. మామూలు రెక్కలకు ఇంచుమించు 15 డిగ్రీలు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోలేక చెదిరిపోతుంది. ఎత్తే బలం ఒక్కసారిగా పడిపోతుంది. వైమానికులు దీన్ని స్టాల్ అంటారు. ఎందరి ప్రాణాలో తీసిన మాట అది.

ఇప్పుడు తోక దగ్గరికి వద్దాం. కొట్లో కాటా చూశారు గదా. రెండు పళ్ళాలూ సరితూగకపోతే ఒక పక్కకు ఒరిగిపోతుంది. గాలిలో ఉన్న విమానమూ కాటాలాంటిదే. దాని బరువంతా ఒకచోట ఉన్నట్టు లెక్క, దాన్ని గరిమనాభి అంటారు. రెక్క ఎత్తే బలం ఇంకొకచోట పనిచేస్తుంది. ఈ రెండు చోట్లూ ఒకటి కాకపోతే ముక్కు పైకో కిందికో తిరిగిపోతుంది. ఒకటిగా అమర్చినా, గాలి తెర ఒకటి తగిలి వాలు మారిందంటే ఎత్తే బలం జరిగిపోతుంది, మళ్ళీ మొదటికి వస్తుంది. రెక్కకు బాగా వెనకగా, దూరంగా, చిన్న అడ్డ తోక ఉంటే, ముక్కు లేచినప్పుడల్లా గాలి తోకను పైకి తోస్తుంది, ముక్కు దిగుతుంది. ముక్కు దిగినప్పుడల్లా తోకను కిందికి తోస్తుంది, ముక్కు లేస్తుంది. దూరంగా ఉండబట్టి చిన్న తోకైనా పెద్ద రెక్కను అదుపులో పెడుతుంది, కాటాలో పొడుగు కాడ చివర చిన్న రాయి పెట్టినట్టు.

దిగేటప్పుడు తోక అవసరం ఇంకా ఎక్కువ. పావురం గోడ మీద వాలేటప్పుడు చూడండి. ఒళ్ళు పైకెత్తి, రెక్కలు గాలికి అడ్డంగా పెట్టి, తోకను విసనకర్రలాగా విప్పుతుంది. వేగం పూర్తిగా చచ్చి, ఇక పడబోతుందనగా కాళ్ళు ఆనిస్తుంది. ఇబ్న్ ఫిర్నాస్‌కు ఆ ఉపాయం లేదు. ముక్కు ఎత్తబోతే అదుపు తప్పుతుంది, ఎత్తకపోతే వేగం తగ్గదు. ఆ వేగంతోనే నేలను తాకి ఉంటాడు. ఆ చిన్నదాని ప్రశ్నకు జవాబు ఇదేనని మా లెక్క. అదుపు లేనివాడు గాలిలో వెనక్కి మళ్ళి బయలుదేరిన చోటికే వచ్చాడంటే మేము సందేహించడం కూడా ఇందుకే.

ఈ లెక్కలు తెలిస్తే ఇంకొక కథను కూడా తూచవచ్చు. 17వ శతాబ్దంలో ఇస్తాంబూల్‌లో హెజార్ఫెన్ అహ్మద్ చెలెబీ అనే ఆయన గలాటా బురుజు మీంచి రెక్కలతో దూకి, బాస్ఫరస్ జలసంధి దాటి ఉస్కుదార్‌లో దిగాడని యాత్రికుడు ఎవ్లియా చెలెబీ రాశాడు. ఉర్దూ వచ్చినవారికి ఆ పేరు చూడగానే అర్థమవుతుంది, హజార్ ఫన్, అంటే వెయ్యి విద్యలవాడు. వినడానికి ఎంతో బాగుంటుంది. కానీ బురుజు, అది నిలబడ్డ గుట్ట కలిపినా సముద్రం మీద ఎత్తు 100 మీటర్లకు అటూ ఇటూ. దాటవలసిన దూరం 3 కిలోమీటర్ల పైచిలుకు. అంటే ఒక మీటరు దిగేలోపల 30 మీటర్లకు పైగా ముందుకు సాగాలి. ఈ కాలపు మంచి హ్యాంగ్ గ్లైడర్లే 15 చుట్టుపక్కల ఆగిపోతున్నాయి. పైగా ఎవ్లియా తప్ప ఆనాటివారెవరూ ఈ సంగతి రాయలేదు. గాలి ఎంత సాయపడినా ఇది కష్టమే. ఇలా రాసినందుకు కొందరు సభ్యులు మా మీద అలగవచ్చు. కానీ ఇబ్న్ ఫిర్నాస్‌ను నమ్మినదీ మేమే, ఇక్కడ అనుమానించినదీ మేమే. రెండింటికీ వాడిన కాటా ఒకటే.

తోక మాట వాళ్ళకు ముందే తట్టినా, దాన్ని శాస్త్రంగా పట్టుకున్నవాడు ఇంగ్లండులోని యార్క్‌షైర్‌కు చెందిన సర్ జార్జ్ కేలీ. పక్షి రెక్క ఎత్తే పని, తోసే పని రెండూ చేస్తుంది. మనిషి కండలకు అంత శక్తి లేదు కనుక ఈ రెండు పనులనూ విడదీయాలని ఆయన గ్రహించాడు. ఎత్తడానికి కదలని రెక్క, తోయడానికి వేరే సాధనం, నిలకడకు తోక. 1799లో ఒక వెండి బిళ్ళ మీద ఈ బొమ్మ చెక్కించాడు. ఒకవైపు బలాల పటం, రెండోవైపు యంత్రం బొమ్మ. ఈనాటి విమానం రూపురేఖలు ఆ బిళ్ళ మీద ఉన్నాయి. 1853లో ఆయన కట్టిన గ్లైడరులో ఆయన బండివాడు ఒక లోయ దాటాడని ప్రతీతి. 1871లో ఫ్రాన్సులో ఆల్ఫోన్స్ పెనో అనే యువకుడు రబ్బరు మెలితో తిరిగే చిన్న బొమ్మ విమానానికి తోక అమర్చి, చెయ్యి తగలకుండా దానంతటదే నిలకడగా ఎగిరేటట్టు చేసి చూపించాడు.

జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ కథ వేరు. ఆయన 1891 నుంచి అయిదేళ్ళపాటు కొండల మీంచి రెండువేల సార్లు దాకా దూకాడు. ఆయన గ్లైడర్లకు తోక ఉంది. కానీ దాన్ని తిప్పే ఉపాయం ఆయన చేతిలో లేదు. ఒళ్ళు ముందుకో వెనక్కో పక్కకో ఊపి సమతూకం తెచ్చుకునేవాడు. 1896 ఆగస్టు 9న గాలి తెర ఒకటి ముక్కును పైకి లేపింది. స్టాల్ అయింది. వెన్నెముక విరిగింది, మర్నాడు బెర్లిన్‌లో కన్నుమూశాడు. ఇబ్న్ ఫిర్నాస్‌కు తగిలిన దెబ్బా నడుముకే. వెయ్యేళ్ళ తరువాత కూడా గాలి మనిషిని అక్కడే కొట్టింది.

ఆ మరణవార్తే అమెరికాలో సైకిళ్ళ కొట్టు నడిపే విల్బర్, ఆర్విల్ రైట్ సోదరులను కదిలించింది. వాళ్ళు వేసుకున్న ప్రశ్న వేరు. ఎగరడం ఎలా అని కాదు, ఎగిరాక అదుపు చెయ్యడం ఎలా అని. సైకిలు దానంతటదే నిలబడదు. తొక్కేవాడు క్షణక్షణం సరిదిద్దుకుంటూ నిలబెడతాడు. విమానమూ అంతే కావాలనుకున్నారు. పక్షి రెక్కల చివరలు మెలితిప్పడం గమనించి, తీగలతో రెక్కలను మెలితిప్పే ఏర్పాటు చేశారు. 1901లో పాత లెక్కలు తప్పుతున్నాయని తేలి, ఆరడుగుల చెక్క గొట్టంలో ఫ్యాను గాలి పెట్టి, రెండువందల దాకా చిన్న రెక్కలను పరీక్షించి కొత్త లెక్కలు కట్టారు.

1902లో మళ్ళీ తోక ఎదురయింది. ఒక పక్కకు తిరగాలని రెక్క మెలితిప్పితే, పైకి లేచే రెక్కకు గాలి నిరోధం కూడా ఎక్కువయి అది వెనక్కి ఈడ్చుకుపోతోంది, ముక్కు వద్దన్న వైపుకు తిరుగుతోంది. దాన్ని ఆపడానికి వెనక నిలువు తోక బిగించారు. కొన్నిసార్లు బాగానే ఉంది, కొన్నిసార్లు ఇంకా అధ్వాన్నమై గ్లైడరు పక్కకు జారి ఇసుకలో గుంట పొడిచేది. ఒక రాత్రి నిద్రపట్టక ఆర్విల్ ఆలోచించాడు: తోక కదలాలి, పడవ చుక్కానిలాగా. ఆ తోక తీగను రెక్క మెలితిప్పే తీగతో కలిపెయ్యమన్నాడు విల్బర్. మా ఉద్దేశంలో విమానం పుట్టింది ఆ రాత్రే. మరుసటి ఏడు 12 అశ్వశక్తుల ఇంజను పెట్టుకుని 1903 డిసెంబరు 17న కిటీహాక్ ఇసుకమేటల్లో 12 సెకన్లలో 120 అడుగులు, ఆ రోజే నాలుగోసారి 59 సెకన్లలో 852 అడుగులు పోవడం లోకానికంతా తెలిసినదే.

ఇది మన పిల్లలకు కొత్త విద్యేమీ కాదు. పల్లెల్లో పాత గుడ్డపేలికతో తోక కట్టి ఎగరేసే గాలిపటం చూడండి, కట్టేసి వదిలేసినా కదలకుండా నిలబడుతుంది. హైదరాబాదు పాతబస్తీలో సంక్రాంతికి ఎగరేసే పతంగికి ఆ తోక ఉండదు. దారం వదులు చేస్తే గింగిరాలు కొడుతుంది. దారం లాగితే గాలికి అడ్డపుల్ల వెనక్కి విల్లులా వంగి, ముక్కు ఎటుంటే అటు బాణంలాగా పోతుంది. పేంచ్ వేసేవాడికి నిలకడ కాదు, తిరుగుడు కావాలి. నిలకడ మొదటిదానికి, అదుపు రెండోదానికి. రైట్ సోదరులు ఎంచుకున్నది పతంగి పద్ధతి.

ఇంకొక చమత్కారముంది. ఇంత గొడవ పెట్టిన అడ్డ తోక ఈనాటి కొన్ని యుద్ధవిమానాలకు లేనే లేదు. 2001 జనవరి 4న బెంగుళూరులో తొలిసారి ఎగిరిన మన తేజస్ అలాంటిదే. నిలువు తోక ఉంది, అడ్డ తోక లేదు. కావాలనే నిలకడ లేకుండా కట్టారు, చురుకుగా తిరుగుతుందని. చేతులతో అయితే ఏ వైమానికుడూ దాన్ని నిలబెట్టలేడు. లోపలి కంప్యూటర్లు క్షణక్షణం రెక్క అంచులను కదిపి పట్టుకుంటాయి. ఆ పథకాన్ని నడిపిన కోట హరినారాయణగారు బరంపురంలో పుట్టినవారు. ఇబ్న్ ఫిర్నాస్ మరచిపోయి తోక వదిలేశాడు, వీరు తెలిసి వదిలేశారు. ఈ రెండింటి నడుమ ఉన్నదే విమానశాస్త్రం.

ఇబ్న్ ఫిర్నాస్‌కు లోకం ఇవ్వవలసిన గౌరవం ఇచ్చింది. 1976లో చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరు పెట్టారు. బాగ్దాదు విమానాశ్రయం దారిలో ఆయన విగ్రహముంది. 2011లో కార్డోవాలో రెక్కల ఆకారంలో కట్టిన వంతెనకు ఆయన పేరే. విమానం కనిపెట్టాడని మనం కలిపి చెప్పకపోయినా ఆయనకు లోటేమీ లేదు.

ఈ వ్యాసం రాసేముందు ఆ అన్నాచెల్లెళ్ళ ఇంటికి వెళ్ళాము. చీపురు పుల్ల ఒకటి, పాత పోస్టుకార్డు ఒకటి, కాస్త మైనం అడిగి తీసుకున్నాము. కార్డు ముక్క రెక్కగా అడ్డంగా అంటించి, వెనక చివర చిన్న ముక్క తోకగా పెట్టి, ముక్కుకు మైనం ముద్ద అద్దాము. నాలుగైదు సార్లు మైనం సర్దేసరికి డాబా మీంచి వదిలితే తిన్నగా పోయి వీధి చివర వేపచెట్టు కింద దిగింది. చిన్నది పరుగెత్తి తెచ్చింది. తెచ్చి, మాతో ఒక్క మాటైనా అనకుండా, తోక ముక్క పీకేసి మళ్ళీ వదిలింది. అది రెండు పల్టీలు కొట్టి వాళ్ళ వాకిట్లోనే పడింది. వాళ్ళ అన్న దాన్ని తీసుకుని చూస్తూ, "అయితే ఈసారి ఉపన్యాసం మార్చాలి" అన్నాడు. "ముందు నా తోక ఇవ్వు" అంది చెల్లెలు.